దేవుడు చెప్పినా 10 టీమ్‌ల లెక్క తప్పుతుంది: బేస్‌బాల్ అంచనాల కథ

ఈ ఎపిసోడ్ బేస్‌బాల్ గురించి. ఆగండి ఆగండి, అప్పుడే స్క్రోల్ చేసేయకండి. నేనూ మీలాంటివాణ్ణే, క్రికెట్ చూస్తూ పెరిగా. బేస్‌బాల్ స్టేడియంలో ఇంతవరకు అడుగు కూడా పెట్టలేదు. కానీ ఆ ఆట చుట్టూ తిరిగే ఒక ప్రశ్న నన్ను చాలా రోజులుగా వదలట్లేదు. సీజన్ మొదలవకముందే, ఏ టీమ్ ఎన్ని మ్యాచ్‌లు గెలుస్తుందో చెప్పగలమా?

అసలు నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో ముందు చెప్పాలి. బీటెక్ మూడో ఏడాదిలో పైథాన్‌లో ఒక చిన్న స్క్రిప్ట్ రాశా. రెండు ఐపీఎల్ టీమ్‌ల పేర్లు ఇస్తే ఎవరు గెలుస్తారో చెప్పేది. స్క్రీన్ మీద ఒకే ఒక్క లైన్ వచ్చేది, గెలిచే టీమ్ పేరు. మొదటి 10 మ్యాచ్‌ల్లో 8 కరెక్ట్ అయ్యాయి. హాస్టల్లో మా ఫ్లోర్ మొత్తానికి నేనే జ్యోతిష్యుణ్ణి. సాయంత్రం ఆరున్నర అయితే చాలు, నా రూమ్ ముందు చెప్పులు గుట్టలుగా ఉండేవి. ఆ తర్వాత ఏమైందో చివర్లో చెప్తా. అది సరదా కథ కాదు.

బేస్‌బాల్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. అమెరికా మేజర్ లీగ్‌లో 30 టీమ్‌లు ఉంటాయి. మార్చి చివర్లో మొదలై సెప్టెంబర్ చివరిదాకా, ఒక్కో టీమ్ 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అవును, 162. దాదాపు రోజూ మ్యాచే. ఎక్కువ గెలిచినవాళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తారు, చివరికి వరల్డ్ సిరీస్. బంతి వేసేవాణ్ణి పిచర్ అంటారు, మన బౌలర్ లాంటివాడు. ఎక్కువ రన్స్ కొట్టిన టీమ్ గెలుస్తుంది. ఈ ఎపిసోడ్‌కి ఇంత తెలిస్తే సరిపోతుంది.

ఇంకొక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ ఆటలో ఎంత గొప్ప టీమైనా బాగానే ఓడిపోతుంది. 2001లో సియాటిల్ మారినర్స్ 116 మ్యాచ్‌లు గెలిచింది. లీగ్ చరిత్రలో అంతకంటే ఎక్కువ ఎవరూ గెలవలేదు. అయినా ఆ ఏడాది 46 ఓడింది, వరల్డ్ సిరీస్ దాకా కూడా వెళ్లలేదు. 2024లో చికాగో వైట్ సాక్స్ 121 మ్యాచ్‌లు ఓడి ఆధునిక బేస్‌బాల్‌లో చెత్త రికార్డు కొట్టింది. వాళ్లు కూడా 41 గెలిచారు. అంటే మొత్తం ఆట ఈ 41కీ 116కీ మధ్యే. ఈ మధ్యలో ఎవరు ఎక్కడ ఉంటారో ముందే చెప్పాలి. అదీ పందెం.

క్రికెట్ రిపోర్టర్ మొదలుపెట్టిన లెక్క

ఈ కథ మొదలయ్యేది క్రికెట్ దగ్గరే అంటే నమ్ముతారా? హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో పాటు అమెరికా వచ్చి బ్రూక్లిన్‌లో స్థిరపడ్డాడు. పెద్దయ్యాక పత్రికలకి క్రికెట్ వార్తలు రాసేవాడు. 1850ల్లో బేస్‌బాల్ చూసి దాని ప్రేమలో పడ్డాడు. క్రికెట్ స్కోర్‌కార్డ్ పద్ధతినే తెచ్చి బేస్‌బాల్‌కి సరిపోయేలా మార్చాడు. పేపర్లో ఒక చిన్న పట్టిక, అందులో మ్యాచ్ మొత్తం. దాన్నే బాక్స్ స్కోర్ అంటారు. ఆటని అంకెల్లో దాచిపెట్టడం అలా మొదలైంది.

కానీ క్రికెట్ కళ్లద్దాలతో చూడటం వల్ల ఒక పొరపాటు కూడా జరిగింది. బేస్‌బాల్‌లో పిచర్ సరైన చోట పడని బంతులు నాలుగు వేస్తే, బ్యాటర్ కొట్టకపోయినా ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్లిపోవచ్చు. దాన్ని వాక్ అంటారు. మనకి వైడ్ బాల్ లాంటిది అనుకోండి. వైడ్ పడితే బ్యాటర్ ఖాతాలో వేస్తామా? వేయం కదా, అది బౌలర్ తప్పు. చాడ్విక్ కూడా అలాగే ఆలోచించాడు. వాక్ అనేది పిచర్ తప్పు, అందులో బ్యాటర్ గొప్ప ఏమీ లేదు అని. 1887లో ఒక్క సీజన్ మాత్రం వాక్‌ని హిట్‌గా లెక్కపెట్టారు. తర్వాత ఏడాదికే ఆ రూల్ తీసేశారు.

చిన్న విషయంలా ఉంది కదా? కానీ దీని వల్ల కొన్ని తరాల పాటు బ్యాటింగ్ యావరేజే రాజు. చెడ్డ బంతిని ఓపికగా వదిలేసి బేస్‌కి చేరే ఆటగాడికి విలువ లేదు. లెక్కలో లేనిదాన్ని ఎవరూ చూడలేదు. ఏది కొలవాలో మొదట్లో నిర్ణయించినవాడి అభిప్రాయమే మన కళ్లకి గంతలు కట్టేస్తుంది. డేటా మీద పనిచేసే ఎవరికైనా ఇది మొదటి పాఠం.

ఆ గంతలు విప్పే ప్రయత్నం 1947లో జరిగింది. బ్రూక్లిన్ డాడ్జర్స్ టీమ్‌ని నడిపే బ్రాంచ్ రికీ, ఆ ఏడాది జాకీ రాబిన్సన్‌ని ఆడించి నల్లవాళ్లకి లీగ్ తలుపులు తెరిచినవాడు, అదే ఏడాది అలన్ రాత్ అనే కెనడా కుర్రాణ్ణి ఉద్యోగంలో పెట్టుకున్నాడు. అతని పని ఒకటే, లెక్కలు రాయడం. ప్రతి బంతినీ నోట్ చేసేవాడు. ఏ బ్యాటర్ ఎన్నిసార్లు బేస్‌కి చేరాడు అన్నదే అసలు విషయం అని రాత్, రికీ ఇద్దరూ తేల్చారు. 1954లో రికీ లైఫ్ మ్యాగజీన్‌లో ఒక ఫార్ములా కూడా పెట్టి వ్యాసం రాశాడు. ఫలితం? ఆట పెద్దగా మారలేదు. బేస్‌కి చేరే శాతాన్ని లీగ్ అధికారిక లెక్కల్లో చేర్చింది 1984లో. అంటే 30 ఏళ్ల తర్వాత.

రాత్రి వాచ్‌మన్ రాసిన ఫార్ములా

ఇప్పుడు నా ఫేవరెట్ మనిషి వస్తున్నాడు. బిల్ జేమ్స్. 1970ల్లో కాన్సస్ రాష్ట్రంలో, బీన్స్ డబ్బాల్లో నింపే ఒక ఫ్యాక్టరీలో రాత్రి పూట సెక్యూరిటీ గార్డ్. నైట్ డ్యూటీలో పెద్ద పని ఉండదు కదా, బాక్స్ స్కోర్లు ముందేసుకుని లెక్కలు వేసేవాడు. 1977లో ఆ లెక్కలన్నీ ఒక చిన్న పుస్తకంగా తనే వేసుకుని అమ్మాడు. ఎన్ని అమ్ముడయ్యాయో తెలుసా? 75 కాపీలు. మనోడు ఆగలేదు. ఏడాదికొకటి రాస్తూ పోయాడు. కొన్నేళ్లకి ఆ పుస్తకాలు దేశమంతా చదివారు. 2003 సీజన్ నుంచి బోస్టన్ రెడ్ సాక్స్ అతన్ని సలహాదారుగా పెట్టుకుంది. 2004లో ఆ టీమ్ 86 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. అది అతని ఒక్కడి గొప్ప అని నేను అనను, కానీ వాచ్‌మన్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాడో చూడండి.

జేమ్స్ వేసిన ప్రశ్న చాలా సింపుల్. పోయిన ఏడాది టీమ్ ఎన్ని మ్యాచ్‌లు గెలిచింది అన్నది కాదు, ఎన్ని రన్స్ కొట్టింది, ఎన్ని ఇచ్చింది అన్నది చూస్తే ఎలా ఉంటుంది? కొట్టిన రన్స్‌కి వర్గం వెయ్యి. ఇచ్చిన రన్స్‌కి వర్గం వెయ్యి. మొదటిదాన్ని రెండిటి మొత్తంతో భాగించు. అంతే. వర్గాలు ఉన్నాయి కాబట్టి సరదాగా పైథాగరస్ పేరు పెట్టారు.

ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. ఒక టీమ్ సీజన్ మొత్తం 800 రన్స్ కొట్టింది, 700 ఇచ్చింది అనుకోండి. 800 వర్గం 6,40,000. 700 వర్గం 4,90,000. రెండూ కలిపితే 11,30,000. 6,40,000ని దాంతో భాగిస్తే 0.566. దాన్ని 162తో గుణిస్తే దాదాపు 92 విజయాలు. ఒక వాచ్‌మన్ కాగితం మీద వేసిన లెక్క ఇది, ఇప్పటికీ పనిచేస్తోంది. తర్వాత వచ్చినవాళ్లు వర్గం బదులు 1.83 ఘాతం పెడితే ఇంకొంచెం దగ్గరికి వస్తుందని చూపించారు.

దీని అసలు మజా ఎక్కడంటే, టీమ్ ఎవరిదో, అదృష్టం ఎవరిదో ఇది విడదీస్తుంది. 2012లో బాల్టిమోర్ ఓరియోల్స్ టీమ్ 93 మ్యాచ్‌లు గెలిచింది. ఊరంతా పండగ. కానీ రన్స్ చూస్తే కొట్టినవి 712, ఇచ్చినవి 705. తేడా 7. ఫార్ములా ప్రకారం 82 గెలవాలి. మిగతా 11 ఎక్కడి నుంచి వచ్చాయి? ఒక్క రన్ తేడాతో తేలిన మ్యాచ్‌ల్లో వాళ్లు 29 గెలిచి 9 మాత్రమే ఓడారు. ఒత్తిడిలో గెలవడం వీళ్లకి తెలుసు, గుండె ధైర్యం అని అందరూ రాశారు. మరి 2013లో? అదే ఒక్క రన్ మ్యాచ్‌ల్లో 20 గెలిచి 31 ఓడారు. మొత్తం విజయాలు 85. ఏడాదిలో గుండె ధైర్యం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. పోయింది అదృష్టం.

సినిమాలో చూసింది, చూడనిది

మీలో చాలామంది మనీబాల్ సినిమా చూసే ఉంటారు, బ్రాడ్ పిట్ ఉంటాడు కదా, అది. అది ఓక్లాండ్ అథ్లెటిక్స్ టీమ్ 2002 సీజన్ కథ. ఆ ఏడాది వాళ్ల జీతాల బడ్జెట్ దాదాపు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్‌ది 12 కోట్లకు పైనే. పైగా జేసన్ జియాంబీ, జానీ డేమన్ లాంటి స్టార్లు టీమ్ వదిలి వెళ్లిపోయారు. జనరల్ మేనేజర్ బిల్లీ బీన్, అతని అసిస్టెంట్ పాల్ డిపొడెస్టా కలిసి, చాడ్విక్ పక్కన పడేసిన ఆ వాక్‌ల లెక్కనే పట్టుకున్నారు. బేస్‌కి చేరతాడు కానీ మార్కెట్లో చవగ్గా దొరుకుతాడు, అలాంటివాళ్లని ఏరుకున్నారు. సినిమాలో జోనా హిల్ వేసిన పాత్రకి మూలం ఈ డిపొడెస్టానే.

సినిమాలో ఎమోషన్ ఎక్కువ, లెక్క తక్కువ. మైకేల్ లూయిస్ రాసిన పుస్తకంలో లెక్క ఉంది. ప్లేఆఫ్స్‌కి వెళ్లాలంటే సుమారు 95 విజయాలు కావాలి. 95 కావాలంటే ఇచ్చినవాటి కంటే 135 రన్స్ ఎక్కువ కొట్టాలి. మన టీమ్ 800 నుంచి 820 కొడుతుంది, 650 నుంచి 670 ఇస్తుంది, కాబట్టి 93 నుంచి 97 గెలుస్తాం. ఇది డిపొడెస్టా సీజన్‌కి ముందు వేసిన అంచనా.

జరిగింది ఏంటి? కొట్టినవి 800. ఇచ్చినవి 654. రెండూ అతను గీసిన గీతల లోపలే. ఫార్ములాలో వేస్తే 97 రావాలి. గెలిచింది 103. అంటే రన్స్ దాదాపు అక్షరం పొల్లుపోకుండా చెప్పిన మనిషి కూడా విజయాల దగ్గర 6 తప్పాడు. ఈ 6 అనే అంకెని జేబులో పెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

తర్వాత ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో 5 మ్యాచ్‌ల సిరీస్. మిన్నెసోటా ట్విన్స్ చేతిలో 3-2తో ఓడిపోయారు. 162 మ్యాచ్‌ల్లో పనిచేసిన లెక్కని 5 మ్యాచ్‌ల్లో పనిచేయమంటే ఎలా?

ఒక ఆటగాడి పేరు, ఒక కోతి పేరు

ఇంతవరకు చెప్పింది టీమ్ లెక్క. కానీ రాబోయే సీజన్‌లో టీమ్ ఎన్ని రన్స్ కొడుతుందో తెలియాలంటే ముందు ఒక్కో ఆటగాడు ఎలా ఆడతాడో చెప్పాలి. వయసు పెరుగుతుంది, గాయాలవుతాయి, కొత్త కుర్రాళ్లు వస్తారు. ఇక్కడే నేట్ సిల్వర్ వస్తాడు. చికాగోలో ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో ఉద్యోగం, మన భాషలో మంచి ప్యాకేజీ, కానీ బోర్. ఆ బోర్‌లో ఎక్సెల్ తెరిచి బేస్‌బాల్ మోడల్ కట్టాడు. దాని పేరు పెకోటా. బిల్ పెకోటా అనే ఒక సాదాసీదా ఆటగాడి పేరు అది. 2003లో అది బయటికి వచ్చింది. ఇదే సిల్వర్ 2008లో ఎన్నికల అంచనాలతో ప్రపంచానికి తెలిశాడు.

పెకోటా ఏం చేస్తుందంటే, ఒక ఆటగాణ్ణి తీసుకుని, చరిత్రలో అదే వయసులో అదే తీరుగా ఆడినవాళ్లని వెతుకుతుంది. వాళ్లు తర్వాత ఏమయ్యారో చూసి ఇతని భవిష్యత్తు చెప్తుంది. కానీ నాకు నచ్చింది అది కాదు. అది ఒక్క అంకె చెప్పి ఊరుకోలేదు. బాగా ఆడితే ఇంత, మామూలుగా ఆడితే ఇంత, దెబ్బతింటే ఇంత అని మొత్తం రేంజ్ ఇచ్చింది. ఇది చాలా పెద్ద విషయం, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

దీనికి పూర్తి వ్యతిరేకంగా టామ్ టాంగో అనే అతను మార్సెల్ అని ఒక పద్ధతి పెట్టాడు. ఫ్రెండ్స్ సీరియల్లో రాస్ పెంచుకునే కోతి గుర్తుందా? దాని పేరే. ఎందుకంటే కోతి కూడా చేయగలిగేంత తేలిక లెక్క. గత 3 సీజన్లు తీసుకో, కొత్తదానికి 5, ముందుదానికి 4, ఇంకా ముందుదానికి 3 వెయిట్ ఇవ్వు. ఫలితాన్ని లీగ్ సగటు వైపు కొంచెం జరుపు. వయసుకి తగ్గట్టు సరిచెయ్యి. అయిపోయింది. పెద్ద పెద్ద మోడల్స్ ఈ కోతిని దాటడానికి చెమటలు కక్కాయి, దాటినా కొద్ది తేడాతోనే. మనం ఆఫీసుల్లో మెషిన్ లెర్నింగ్ అంటూ జీపీయూలు వేడెక్కిస్తాం కదా, ముందు ఒకసారి కోతి లెక్క వేసి చూడండి అని నా జూనియర్లకి చెప్పేవాణ్ణి.

ఒక గెలుపు, ఒక ఓటమి

పెకోటా గొప్పగా గెలిచిన సీజన్ 2008. టాంపా బే టీమ్ 1998లో లీగ్‌లోకి వచ్చింది. 10 సీజన్లు ఆడితే 9 సార్లు తన డివిజన్‌లో ఆఖరు స్థానం. ఎన్నడూ 70 దాటి గెలవలేదు. 2007లో 66. అలాంటి టీమ్ 2008లో 88 దాకా గెలుస్తుందని పెకోటా చెప్పింది. జనం నవ్వారు. కానీ లెక్కలో కారణం ఉంది. 2007లో ఆ టీమ్ 944 రన్స్ ఇచ్చింది, ఫీల్డింగ్ అంత దారుణం. తర్వాత ఆటగాళ్ల స్థానాలు మార్చారు, ఫీల్డింగ్ బాగా చేసేవాళ్లని తెచ్చారు. 2008లో ఇచ్చిన రన్స్ 671కి పడిపోయాయి. 97 మ్యాచ్‌లు గెలిచి వరల్డ్ సిరీస్ దాకా వెళ్లారు. అక్కడ ఫిలడెల్ఫియా చేతిలో ఓడిపోయారు, అది వేరే విషయం.

ఇక ఓటమి. 2014లో కాన్సస్ సిటీ రాయల్స్ వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి ఓడింది. అయినా 2015కి ముందు పెకోటా వాళ్లకి 72 విజయాలే ఇచ్చింది. రాయల్స్ 95 గెలిచి, ఏకంగా వరల్డ్ సిరీస్ కొట్టింది. 23 మ్యాచ్‌ల తప్పు!

దీన్ని వాచ్‌మన్ ఫార్ములాతో విడదీసి చూద్దాం. ఆ ఏడాది రాయల్స్ కొట్టింది 724, ఇచ్చింది 641. లెక్క ప్రకారం 90 చుట్టూ రావాలి. అంటే మోటుగా చెప్పాలంటే 90 నుంచి 95 దాకా ఉన్న ముక్క అదృష్టం. 72 నుంచి 90 దాకా ఉన్న పెద్ద ముక్కలో మోడల్ చూడనిది చాలా ఉంది. రాయల్స్‌లో అద్భుతమైన ఫీల్డర్లు ఉన్నారు, మ్యాచ్ చివర్లో వచ్చి తలుపులు మూసేసే పిచర్లు ఉన్నారు, బంతిని మిస్ కాకుండా తగిలించే బ్యాటర్లు ఉన్నారు. చాడ్విక్ వాక్‌ని చూడనట్టే, మోడల్ వీటిని తక్కువ చూసింది. కొత్త అద్దాలు వచ్చినా గంతలు పూర్తిగా పోవు.

కాయిన్ లెక్క

సరే, ఇప్పుడు ఏ గంతలూ లేవు అనుకుందాం. 2015లో 30 స్టేడియాల్లోనూ రాడార్లు, కెమెరాలు పెట్టారు, అప్పటి నుంచి ప్రతి బంతి వేగం, ప్రతి అడుగు కొలుస్తున్నారు. అది చాలదు, సాక్షాత్తు దేవుడే దిగొచ్చి ప్రతి టీమ్ అసలు బలం నీ చెవిలో చెప్పాడు అనుకో. అప్పుడైనా అంచనా కరెక్ట్ అవుతుందా?

ఇంజనీరింగ్ మ్యాథ్స్‌లో బైనామియల్ డిస్ట్రిబ్యూషన్ చదివాం కదా, పరీక్ష అయ్యాక మర్చిపోయాం కదా, అదే ఇక్కడ పనికొస్తుంది. సరిగ్గా సగం సగం బలం ఉన్న టీమ్ తీసుకోండి. ప్రతి మ్యాచ్ కాయిన్ ఎగరేసినట్టే. 162 సార్లు ఎగరేస్తే సగటు 81. స్టాండర్డ్ డీవియేషన్, అంటే మామూలుగా అటూ ఇటూ ఊగే దూరం, 162ని 4తో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది. 6.36. జేబులో పెట్టుకున్న 6 గుర్తుందా? అదే ఇది.

అంటే ఏంటి? మన దగ్గర దేవుడి మోడల్ ఉన్నా, 30 టీమ్‌ల్లో దాదాపు 20 మాత్రమే ఆ 6 విజయాల లోపల పడతాయి. మిగతా 10 టీమ్‌ల దగ్గర మనం అంతకంటే ఎక్కువ తప్పుతాం. ఒకటో రెండో టీమ్‌ల దగ్గర 12 దాటి తప్పుతాం. ఏ తప్పూ చేయకుండానే.

నేను దీన్ని నమ్మలేక ల్యాప్‌టాప్‌లో ఆడించి చూశా. 30 టీమ్‌లు, అన్నీ అచ్చం సమానం. కాయిన్ తప్ప ఇంకేం లేదు. సీజన్ మొత్తం నడిపితే, పైన ఉన్న టీమ్ సగటున 94 గెలుస్తుంది, కింద ఉన్నది 68 గెలుస్తుంది. ఒకసారి ఊహించండి. ఆ 94 టీమ్ కెప్టెన్‌ని టీవీ చానెల్ పిలుస్తుంది, అతని డైట్ ఏంటి, లీడర్‌షిప్ సీక్రెట్ ఏంటి అని అడుగుతుంది. 68 టీమ్ కోచ్ ఉద్యోగం పోతుంది. ఇద్దరి మధ్య తేడా సున్నా.

ఆటలో టాలెంట్ లేదని కాదు. ఉంది, చాలా ఉంది. సియాటిల్ 116 కాయిన్‌తో రాలేదు. కానీ టాలెంట్ మీద ఎప్పుడూ ఈ 6 విజయాల పొగమంచు ఉంటుంది. 1977 నుంచి ఇప్పటిదాకా డేటా ఎన్నో రెట్లు పెరిగింది. పొగమంచు మాత్రం అంగుళం తగ్గలేదు. ఎందుకంటే అది మనకి తెలియకపోవడం వల్ల వచ్చింది కాదు, ఆటలోనే ఉంది.

నా స్క్రిప్ట్ కథ

ఇప్పుడు హాస్టల్‌కి వెళ్దాం. ఐపీఎల్ లీగ్ దశలో ఒక టీమ్ ఆడేది 14 మ్యాచ్‌లు. 162 కాదు, 14. అచ్చంగా కాయిన్ లాంటి టీమ్ కూడా 14లో 9 లేదా అంతకంటే ఎక్కువ గెలిచే అవకాశం 5లో 1 వంతు. బేస్‌బాల్‌లో పొగమంచు అయితే మనది కళ్లలో దుమ్ము.

మరి నా 10కి 8? 100 మంది కళ్లు మూసుకుని 10 మ్యాచ్‌లు చెప్తే, అందులో అయిదారుగురికి 8 లేదా ఎక్కువ కరెక్ట్ అవుతాయి. మా హాస్టల్లో ఎంతమంది అంచనాలు చెప్పి ఉంటారు? తప్పినవాళ్లు నోరు మూసుకున్నారు. నేను మాత్రం జ్యోతిష్యుణ్ణి అయ్యా. టెలిగ్రామ్‌లో టిప్స్ చానెళ్లు నడిచేది ఇలాగే. కరెక్ట్ అయినవి స్క్రీన్‌షాట్లు, తప్పినవి డిలీట్.

నా రూమ్మేట్ ఒకడు ఉండేవాడు. పేరు చెప్పను. రోజూ మ్యాచ్‌కి ముందు వచ్చి "మామా, ఎవరు?" అని అడిగేవాడు, నేను స్క్రిప్ట్ రన్ చేసి పేరు చెప్పేవాణ్ణి. వాడు ఆ పేరు మీద ఒక యాప్‌లో డబ్బులు పెడుతున్నాడని నాకు తెలియదు అని చాలాకాలం అందరికీ చెప్పా. అది పూర్తి నిజం కాదు. అనుమానం ఉండేది. అడగలేదు. అడిగితే జ్యోతిష్యం ఆగిపోతుంది కదా. తర్వాతి 14 మ్యాచ్‌ల్లో నా స్క్రిప్ట్ 6 మాత్రమే కరెక్ట్ చెప్పింది. పోయినవి రాబట్టాలని వాడు ప్రతిసారీ పెంచుకుంటూ పోయాడు. ఎగ్జామ్ ఫీజు కట్టే చివరి రోజు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. 38,000 పోయాయి. వాళ్ల నాన్న పత్తి అమ్మి పంపిన డబ్బు. క్లాస్‌మేట్స్ అంతా తలా కొంచెం వేసి ఫీజు కట్టాం. ఆ ఏడాది వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో వాడు నాకు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ ఎపిసోడ్ కోసం ఆ పాత స్క్రిప్ట్ వెతికి తెరిచా. దాదాపు 60 లైన్లు. హోమ్ గ్రౌండ్, చివరి 5 మ్యాచ్‌లు, ముఖాముఖి రికార్డ్, అంతే. కానీ ఒక లైన్ దగ్గర ఆగిపోయా. అది ప్రతి మ్యాచ్‌కీ ఒక సంఖ్య లెక్కపెట్టేది. 0.54, 0.52, 0.57 ఇలా. అంటే ఈ టీమ్ గెలిచే అవకాశం 54 శాతం, అంతే, కాయిన్ కంటే కొద్దిగా నయం. ఆ సంఖ్య సగం కంటే ఎక్కువుంటే టీమ్ పేరు ప్రింట్ చేసి, సంఖ్యని వదిలేసేది. స్క్రీన్ నీట్‌గా ఉంటుందని నేనే అలా రాశా. 54 శాతం అన్న మాట స్క్రిప్ట్‌కి తెలుసు. నేనే బయటికి రానివ్వలేదు.

పెకోటా రేంజ్ ఇచ్చింది పెద్ద విషయం అన్నాను కదా, అందుకే. నేట్ సిల్వర్ మోడల్ రాయల్స్ దగ్గర 23 మ్యాచ్‌లు తప్పింది, నా స్క్రిప్ట్ మ్యాచ్‌కి ఒకటే తప్పింది. కానీ అతను ఎంత ఊగుతుందో కూడా చెప్పాడు, నేను దాచేశా. లెక్క తప్పడం తప్పు కాదు. 54ని 100లా చూపించడం తప్పు.

అందుకే ఎవరైనా, చానెల్ కావచ్చు, యాప్ కావచ్చు, మీ ఫ్లోర్‌లో నాలాంటి కుర్రాడు కావచ్చు, ఫలానా టీమ్ పక్కా అని చెప్తే మూడు అడగండి. ఎంత శాతం? ఇప్పటిదాకా తప్పినవి ఎన్ని, అన్నీ చూపించు. తప్పితే డబ్బు ఎవరిది పోతుంది? మూడో ప్రశ్నకి జవాబు ఎప్పుడూ ఒకటే ఉంటుంది. ఆ జవాబు మీరే.

మా రూమ్మేట్ ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఉద్యోగం చేస్తున్నాడు. ఈ ఎపిసోడ్ పెట్టే ముందు ఫోన్ చేసి పర్మిషన్ అడిగా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పెట్టు మామా, కానీ ఆ 54 సంగతి కూడా చెప్పు" అన్నాడు. చెప్పాను.

వచ్చే సీజన్‌కి బేస్‌బాల్ అంచనాలు వచ్చినప్పుడు ఒకసారి తెరిచి చూడండి. 30 పేర్లు, పక్కన 30 అంకెలు ఉంటాయి. అందులో 10 గట్టిగా తప్పుతాయి. ఏ 10 అన్నది మాత్రం వేసినవాళ్లకి కూడా తెలియదు. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.